పథ్యం నాకు, సూదిమందు ఆయనకు

మా అమ్మ ఇచ్చిన చిన్న స్టీలు గిన్నె ఒకటి నాతో పాటు కెనడా వచ్చింది. ఇద్దరికి సరిపడా పాలు కాచుకునే గిన్నె. ఒక ఆదివారం పొద్దున, బ్రాంప్టన్‌లోని మా బేస్‌మెంట్ వంటగదిలో, మా ఆయన ఆ గిన్నెలో వేడినీళ్ళు పోసి, అందులో చిటికెన వేలంత గాజుసీసా ఒకటి నిలబెట్టి దీక్షగా చూస్తున్నాడు. సీసాలో నూనెలాంటి పచ్చటి మందు ఉంది. చల్లగా ఉంటే చిక్కబడి సూదిలో దిగదట, అందుకని వెచ్చబెడుతున్నాడు. వెచ్చబడ్డాక సిరంజిలోకి లాగి, షార్ట్ పైకి జరిపి, తొడలో పొడుచుకుని నెమ్మదిగా నొక్కాడు. సూది తీసిన చోట ఒక నూనె చుక్క, దాని వెనకే ఒక నెత్తురు చుక్క వచ్చాయి. రెంటినీ బొటనవేలితో తుడిచి, అదే వేలితో గిన్నె అంచు పట్టుకుని నీళ్ళు సింక్‌లో ఒంపేశాడు.

ఆ గిన్నెలో నేను మళ్ళీ పాలు కాచలేదు. ఎన్నిసార్లు తోమినా నా కళ్ళకు ఆ నూనె కనిపిస్తూనే ఉండేది. రోత ముందు కడుపులో పుడుతుంది, కారణం తరువాత ఎప్పుడో తెలుస్తుంది. నా విషయంలో ఆ తరువాత అనేది చాలా ఆలస్యంగా వచ్చింది.

ఆ ఏళ్ళలో మా కరీంనగర్ వైపు పెళ్ళి సంబంధాలు జాతకాలు చూసి కాదు, ఇంగ్లిష్ పరీక్షలో పిల్ల తెచ్చుకున్న స్కోరు చూసి కుదిరేవి. పిల్ల కెనడా కాలేజీలో చేరుతుంది, పిల్లవాడు స్పౌజ్ పర్మిట్ మీద వెంట వస్తాడు. మా పెళ్ళీ అలాగే అయింది. విమానం నిండా నాలాంటి వాళ్ళే. బ్రాంప్టన్ బస్సుల్లో నిలబడడానికి చోటుండేది కాదు, ఒక్కో బేస్‌మెంట్‌లో దుప్పట్లు తెరలుగా కట్టుకుని నలుగురైదుగురు ఉండేవాళ్ళు. మేం పెళ్ళయినవాళ్ళం కాబట్టి మాకో గది, ఒక మూల వంటగది దొరికాయి. దానికే అందరూ మమ్మల్ని అదృష్టవంతులన్నారు.

మా ఆయన ఊళ్ళో బ్యాంకులో టక్ చేసుకుని కూర్చునే ఉద్యోగం వదిలి వచ్చాడు. ఇక్కడ వేర్‌హౌస్‌లో ట్రక్కులు దించే పని దొరికింది. పనికి ఆయన సిగ్గుపడలేదు, అది ఒప్పుకోవాలి. సిగ్గుపడింది ఒక్క మాటకు. ఏ మనవాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్ళినా, "మీరు స్టూడెంటా, డిపెండెంటా?" అని అడిగేవారు. డిపెండెంట్ అని, అంటే పెళ్ళాం పర్మిట్ మీద బతుకుతున్నానని, చెప్పి వచ్చిన రోజు ఆయన నాతో మాట్లాడేవాడు కాదు. నా ఫీజు రసీదు మీద నా పేరుండడం కూడా నేను చేసిన నేరమే అన్నట్టు చూసేవాడు.

ఆ వేర్‌హౌస్‌లోనే షిఫ్ట్ లీడ్ ఒకడుండేవాడు. నెల్లూరు వైపు మనిషి. మెడ కనపడనంత భుజాలు, నుదుటి మీద ఎప్పుడూ నూనె. మా ఆయన్ని జిమ్‌కు తీసుకెళ్ళింది వాడే. మా ఇంటికొచ్చి నా చేతి కాఫీ తాగుతూ, నా ఎదుటే చెప్పాడు.

"టెస్టోస్టిరాన్ అంటే ఇంకేం లేదు బ్రో, మగాడి పెట్రోలు. నీకు తక్కువైపోయింది, అందుకే ఈ నీరసం. వారానికో సూది ఏసుకో. ఆర్నెల్లు పోనీ, అద్దంలో నువ్వే నిన్ను గుర్తుపట్టవు."

డాక్టర్ చెప్పాడా, రక్తం చూశారా అని నేనడిగాను. "దీనికి డాక్టరెందుకు సిస్టర్?" అని నవ్వాడు.

ఇది బయటివాళ్ళకు వింతగా ఉంటుందేమో గాని మాకు కాదు. మేం సూది మీద పెరిగినవాళ్ళం. మా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి జ్వరమని వెళ్ళి గోళీలు మాత్రమే ఇస్తే, "గీ డాక్టర్‌కు ఏం రాదు" అని లేచి వచ్చే జనం. నీరసమైతే బలానికి సూది, పరీక్షల ముందు బలానికి సూది, పెళ్ళికొడుకును చేసేముందు కూడా బలానికో సూది. ఒంట్లోకి సూదితో వెళ్ళింది ఏదైనా మేలే చేస్తుందనేది మాకు మతం లాంటిది. మా ఆయనకు డిగ్రీ ఉంది, బ్యాంకు పరీక్షలు రాసి గెలిచిన బుర్ర ఉంది. ఆ సీసా మీద అక్షరాలు మాత్రం చదవలేదు.

ఒళ్ళు పెరిగింది, అబద్ధం చెప్పను. చొక్కాలు బిగుతయ్యాయి, గొంతు గట్టిపడింది. దాంతో పాటు వీపంతా చీముపొక్కులు లేచాయి. దిండు గలీబు మీద పసుపు మరకలు పడేవి, వాటిని విడిగా ఉతికేదాన్ని. తలుపు కొంచెం గట్టిగా వేస్తే అరిచేవాడు. స్నానం చేసి వచ్చి, చొక్కా లేకుండా అద్దం ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి ఫొటోలు తీసుకునేవాడు. నేను వెనక కనపడకుండా పక్కకు జరగమనేవాడు. ఆ మనిషి పక్కన పడుకోవడానికి నాకు కంపరంగా ఉండేదని రాయడానికి ఇప్పుడు నాకేం మొహమాటం లేదు.

నా కోర్సు అయిపోయి, వర్క్ పర్మిట్ మీద ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికాక పిల్లల మాట వచ్చింది. మాకు ఇద్దరికీ కావాలనే ఉంది. నెలలు గడిచాయి. ఏమీ కాలేదు. అత్తమ్మ ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసి, ముందు నా మొహం, తరువాత నా పొట్ట చూసేది.

"అక్కడి సలికి కడుపు గడ్డకట్టినట్టున్నది బిడ్డా," అంది ఒకసారి. "మన దగ్గర మందు పోసే ఆమె ఉన్నది. ఎంతమందికో పండినయ్. పంపిస్త, తాగు."

పంపడం ఆ రోజుల్లో ఎంత పని? కాలేజీల్లో కొత్త బ్యాచ్ చేరే ప్రతి ఇన్‌టేక్‌కూ మా మండలం నుంచి ఎవరో ఒకరు కెనడా విమానం ఎక్కుతుండేవాళ్ళు. వాళ్ళ సూట్‌కేసుల్లో వాళ్ళ బట్టల కన్నా ఊరివాళ్ళ పొట్లాలే ఎక్కువ. నా మందు అలా ఎవరివో పచ్చళ్ళ మధ్య కూర్చుని వచ్చింది. బూడిదరంగు పొడి. తడిసిన గోనెసంచి వాసన. నెలసరి అయ్యాక, స్నానం చేసి, పరగడుపున మజ్జిగలో కలుపుకుని తాగాలి. తాగిన నెలంతా పథ్యం. ఉప్పు సగం, పులుపు లేదు, వంకాయ లేదు, మాంసం వాసన తగలకూడదు. మగవాడికి పథ్యం లేదు. అడిగితే అత్తమ్మ నవ్వింది. "వానికెందుకు, మందు తాగేది నువ్వు గదా."

మాంసం వాసన తగలకూడదట. మా ఆయన కండ కోసం రోజూ కోడి రొమ్ముముక్కలు ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టుకునేవాడు. కిటికీ తెరుచుకోని బేస్‌మెంట్. ఆ తెల్లటి ఉడుకుమాంసం వాసన నా జుట్టుకు, నా ఆఫీసు కోటుకు పట్టేసింది. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటే అందుకేనేమో అనుకునేదాన్ని. పొద్దున్నే ఒక పొయ్యి మీద ఆయన కోడి ఉడుకుతుంటే, రెండో పొయ్యి మీద నా చప్పిడి పప్పు ఉడికేది. ఒకే బిడ్డ కోసం ఇద్దరం వండుకుంటున్నాం. తాగేటప్పుడు నాకు వాంతి వచ్చేది. నాలుగో నెల నుంచి ఆయనే మందు కలిపి గ్లాసు తెచ్చి ఇచ్చేవాడు.

"జర ముక్కు మూసుకొని తాగెయ్," అనేవాడు, ప్రేమగానే. ఆ ప్రేమ నాకు బాగా గుర్తుంది.

ఆ షిఫ్ట్ లీడ్‌కు కూడా మా సంగతి చెప్పాడట. వాడిచ్చిన సలహా, డోసు పెంచమని. మగతనం పెరిగితే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పరిగెత్తుకొస్తారట. మా ఆయనకు అది న్యాయంగా తోచింది. వారానికి ఒకటి కాస్తా రెండు సూదులయ్యాయి.

హెల్త్ కార్డు చేతికొచ్చాక నేను ఫ్యామిలీ డాక్టర్‌ను అడిగాను. మా ఇద్దరికీ పరీక్షలు రాశారు. నావి వరసగా అయిపోయాయి. రక్తం, స్కానింగ్, ఆఖరికి గర్భంలోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రే బల్ల మీద నేను పళ్ళు బిగబట్టి ఏడ్చాను. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఆయన పరీక్ష మాత్రం ప్రతిసారీ వాయిదా పడేది. ఒకసారి షిఫ్ట్ మారింది, ఒకసారి జలుబు, ఒకసారి మంచు. గట్టిగా అడిగితే చొక్కా చెయ్యి పైకి మడిచి కండ చూపించాడు.

"నన్ను చూస్తే గట్ల కనిపిస్తున్ననా నీకు?"

ఫెర్టిలిటీ క్లినిక్ వాళ్ళు మాత్రం ఆ కండ చూసి కేసు ముందుకు తీసుకెళ్ళేది లేదన్నారు. ఆయన వీర్యం పరీక్ష లేకుండా అపాయింట్‌మెంట్ ఇవ్వలేదు. అప్పుడు గాని కదల్లేదు. మొదటి పరీక్ష అయ్యాక సరిచూడడానికి ఇంకోటి చేయించారు. తరువాత ఇద్దర్నీ కూర్చోబెట్టారు. డాక్టర్ నడివయసు ఆవిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. రెండుసార్లూ ఒక్క వీర్యకణం కూడా కనపడలేదని చెప్పింది. తక్కువ కాదు, అసలు లేవు.

నేను ఆయన వైపు చూశాను. ఆ చొక్కాలో ఆ భుజాలు అలాగే ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం అని మా నానమ్మ ఊరికే అనలేదు.

"టెస్టోస్టిరాన్ ఏమైనా వాడుతున్నారా?" అని ఆవిడ అడిగింది. ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకుని, అవును, మంచి సరుకే, వారానికి రెండు అన్నాడు. ఆ ప్రశ్నకు మార్కులు పడతాయనుకున్నట్టున్నాడు.

ఆవిడ కలం కింద పెట్టింది. మాకు అర్థమయ్యేలా చెప్పడానికి గోడ మీది థర్మోస్టాట్, గది వేడిని కొలిచి హీటింగ్ నడిపే డబ్బా, చూపించింది. ఆ పోలిక నాకు చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది, ఎందుకంటే మా ఇంట్లో థర్మోస్టాట్ పైన ఓనర్ల హాల్లో ఉండేది. చలికాలం వాళ్ళు దాని పక్కనే ఇంకో హీటర్ పెట్టుకునేవాళ్ళు. ఇల్లంతా వెచ్చగా ఉందనుకుని అది ఇల్లు కాచే ఫర్నేస్‌ను ఆపేసేది. పైన వాళ్ళు బనియన్లతో తిరిగేవాళ్ళు, కింద మేం దుప్పట్లలో వణికేవాళ్ళం. మగవాడి ఒంట్లోనూ అంతేనట. నెత్తురులో టెస్టోస్టిరాన్ ఎంతుందో మెదడు చూస్తూ ఉంటుంది. బయటి నుంచి సూదితో పోస్తే, కావలసినంత ఉంది కదా అని వృషణాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది. ఆ సంకేతాలుంటేనే అక్కడ సొంత హార్మోను తయారవుతుంది, వీర్యకణాలు పుడతాయి. వీర్యకణాలు పుట్టాలంటే లోపల ఆ హార్మోను నెత్తురులో కన్నా ఎన్నో రెట్లు ఉండాలట. సూది నెత్తురును నింపుతుంది గాని ఆ చోటును నింపలేదు. పైన వెచ్చగా, కింద గడ్డకట్టి. అత్తమ్మ చెప్పిన గడ్డకట్టడం నిజమే, కాకపోతే గడ్డకట్టింది నా కడుపు కాదు.

"చాలామంది దీన్ని పిల్లలు కలగడానికి మందు అనుకుంటారు. ఇది దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది," అంది డాక్టర్. ఆపేస్తే చాలామందికి తిరిగి మొదలవుతుంది, నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది, కొందరికి పూర్తిగా రాదు, ఎవరికి ఎలా అనేది ముందే చెప్పలేమంది. తన పర్యవేక్షణలోనే ఆపాలని, ఆ సంకేతాలను మళ్ళీ లేపే మందులున్నాయని, అవి రాస్తానని చెప్పింది. కొన్నాళ్ళు నీరసం, దిగులు తప్పవని కూడా చెప్పింది. ఇదంతా చెప్పి మామూలుగానే ఇంకో ప్రశ్న అడిగింది.

"వృషణాల సైజు తగ్గినట్టు ఎప్పుడైనా గమనించారా?"

ఆయన నా వైపు చూసి, తల దించుకుని ఇంగ్లిష్‌లో చెప్పాడు. గమనించాడట. కిందటి చలికాలం నుంచే. ఆ షిఫ్ట్ లీడ్‌ను అడిగితే అందరికీ అంతే, పట్టించుకోవద్దు అన్నాడట.

కిందటి చలికాలం నేను మజ్జిగలో ఆ బూడిద తాగుతున్నాను. తన ఒంట్లో ఏదో తేడా ఉందని తెలిసిన మనిషి, ఎవరికీ చూపించుకోకుండా, నెలనెలా పొద్దున్నే గ్లాసు కలిపి తెచ్చి నన్ను ముక్కు మూసుకోమన్నాడు. నన్ను ఆ ఎక్స్‌రే బల్ల ఎక్కించాడు. సీసా, చీముపొక్కులు, కోడిముక్కల వాసన, ఇవన్నీ ఒక ఎత్తు. ఆ గ్లాసు ఒక ఎత్తు. అంత అసహ్యం నాకు జీవితంలో ఏ మనిషి మీదా కలగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కారు ఆయనే నడిపాడు. ఒక రెడ్ లైట్ దగ్గర నోరు తెరిచాడు.

"ఇంటికాడ ఎవ్వలకు చెప్పకు. కొన్ని రోజులు నీ మీదనే ఉండనియ్. ఆడోళ్ళకైతే అయ్యో పాపం అంటరు. నన్నైతే నవ్వుతరు."

"నేను తాగిన మందు సంగతేంది?" అన్నాను.

"తాగినవ్ గదా, ఏమైంది ఇప్పుడు?"

ఆయన ఇంకొక మాట అంటే కారు దిగిపోయేదాన్ని.

సూదులు ఆగాయి. డాక్టర్ చెప్పినట్టే ఆయన కూలబడ్డాడు. పని నుంచి వచ్చి దుప్పటి కప్పుకునేవాడు, ఊరికే కళ్ళల్లో నీళ్ళు పెట్టుకునేవాడు. చొక్కాలు వదులయ్యాయి. కోడి మాత్రం ఉడుకుతూనే ఉంది, ఉన్న కండ అయినా పోకూడదని. నాకు జాలి కలగలేదా అంటే, కలిగింది. జాలి, అసహ్యం ఒకే గదిలో ఉండగలవు, మేమిద్దరం ఉన్నట్టే.

అలాంటి ఒక ఆదివారం అత్తమ్మ ఫోన్ చేసింది. మందు పోసే ఆమె ఈసారి గట్టి మందు చేసిందట. మా వీధి అమ్మాయే కాలేజీకి వస్తున్నదట, ఆమె చేతికి ఇస్తానంది.

"ఈసారి ఉప్పు మొత్తమే బంద్ పెట్టాలె బిడ్డా. పత్తెం సరిగ్గ చేస్తలేవేమో, అందుకే పడుతలేదు."

నేను ఫోన్ తీసుకెళ్ళి దుప్పట్లో ఉన్న ఆయన మొహం ముందు పెట్టాను. నిజం చెప్పడానికి ఆయనకు ఇంతకన్నా మంచి సమయం నేను ఇవ్వలేను. ఆయన తల్లిని చూశాడు, నన్ను చూశాడు.

"పంపియ్ అమ్మా," అన్నాడు. "తాగుతది."

ఆ అమ్మాయిని ఎయిర్‌పోర్ట్ నుంచి మేమే తీసుకురావాలి, పొట్లం మోసినందుకు అది మర్యాద. బయట పికప్ దగ్గర ఆయన స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. నేను దిగి ఎదురెళ్ళాను. కొత్త జాకెట్, కొత్త షూ, విమానంలో నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు. నాలుగేళ్ళ కిందటి నేనే. సూట్‌కేసులు డిక్కీలో పెట్టక ముందే హ్యాండ్‌బ్యాగ్ లోంచి పొట్లం తీసి రెండు చేతులతో ఇచ్చింది.

"అక్కా, మీకు మందు పంపిన్రు. చెక్ ఇన్‌ల వెయ్యలే, నా దగ్గర్నే పెట్టుకొని తెచ్చిన."

కారు కిటికీ సగం దించి ఉంది. ఆయనకు వినపడుతుందని నాకు తెలుసు. ఆ పిల్ల ఇంటికి చేరగానే వాళ్ళమ్మకు ఫోన్ చేస్తుందని, వాళ్ళమ్మ మా అత్తమ్మ ఇంటికి రెండు గడపల దూరంలో ఉంటుందని కూడా తెలుసు.

"మందు నాకు కాదు చెల్లీ, మీ అన్నకు," అన్నాను. "లోపం ఆయనకున్నది. డాక్టర్ చెప్పింది. ముట్టిందని మీ అమ్మకు చెప్పు."

ఆ అమ్మాయి ఒకసారి కారు కిటికీ వైపు చూసింది. "సరే అక్కా," అని మాత్రం అంది. దారంతా ముగ్గురం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

మర్నాడు ఫోన్ వచ్చింది. నాకు కాదు, ఆయనకు. బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుని మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు. బయటికొచ్చి, మొహం తుడుచుకుని, వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మ ఆ మందు నన్ను తాగుమన్నది. పత్తెం గూడ నన్నే చెయ్యుమన్నది. ఎట్ల చెయ్యాలె?"

డాక్టర్ ఇచ్చిన మందులు నడుస్తుండగా ఆ బూడిద ఎవరి ఒంట్లోకీ పోకూడదు. పొట్లం ఆయన ఎదుటే చెత్తబుట్టలో వేశాను. తరువాత ఏం జరిగింది, పిల్లలు కలిగారా లేదా అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. వాళ్ళు ముందు ఆయన్ని అడగడం నేర్చుకోవాలి.

మందు పారేశాను గాని పథ్యం పారేయలేదు. ఆ రోజు కోడి పొయ్యి ఎక్కలేదు. పులుపు లేకుండా, ఉప్పు లేకుండా పప్పు వండి, అన్నంలో వేసి ముందు పెట్టాను. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నములుతూ నములుతూ ఆగిపోయాడు.

"ఇంత సప్పగ ఇన్ని రోజులు ఎట్ల తిన్నవ్?" అన్నాడు.

ఆ మాట అడగడానికి ఆయనకు ఇన్నాళ్ళు పట్టింది. ఇంకో గరిటె పప్పు వేశాను. నెయ్యి మాత్రం వెయ్యలేదు.